శ్రావణికి, ఆ టీవీ డిబేట్‌కి వెళ్ళే ముందు

శ్రావణీ,

ముందు ఆ ఛానెల్ వాళ్ళకి ఫోన్ చేసి రేపు రావట్లేదని చెప్పేయ్, ఆ తర్వాత ఈ లెటర్ చదువు.

బుజ్జి నీ దగ్గరుండాలా, అమెరికాలో ఉన్న మీ ఆయన దగ్గరుండాలా అన్న గొడవలో మీ బావగారు పెట్టిన పోస్టు నేనూ చూశానమ్మా. డిప్రెషన్ మందులు వాడుతుంది, ఈ పార్టీ ఫోటోలు చూడండి, ఇలాంటిది బిడ్డని పెంచుతుందా అని రాశాడు, దాని కింద నిన్ను ఒక్కసారి కూడా చూడనోళ్ళంతా తీర్పులిచ్చేశారు. నాకే ఒళ్ళు మండింది, నీ సంగతి చెప్పక్కర్లేదు. ఇటుపక్క నీ ఫ్రెండ్సేమో నువ్వూ మీ ఆయన చాట్లు బయటపెట్టు, లైవ్‌లో ఏడువు, జనం నీ వైపే ఉంటారు అని ఎగదోస్తున్నారు. ఫ్యామిలీ కోర్టులో కౌన్సెలర్‌గా ఇన్నేళ్ళు కూర్చున్నదాన్ని, అలా బయటపెట్టుకున్నాక కేసు తేలికైందన్న వాళ్ళని ఒక్కళ్ళని కూడా నేను చూడలేదు.

ఫ్యామిలీ కోర్టుల చట్టం అని 1984ది ఒకటుంది, అందులో సెక్షన్ 14 ఏం చెప్తుందంటే మామూలుగా సాక్ష్యంగా చెల్లని కాగితమైనా సరే ఉపయోగపడుతుందనుకుంటే జడ్జి తీసుకోవచ్చు. అంటే నువ్వు కోపంలో అర్ధరాత్రి పెట్టిన స్టేటస్ కూడా ప్రింట్ తీసి ఫైల్లో పెడతారు. అదే చట్టంలో సెక్షన్ 11 నీకు అక్కరకొచ్చేది, ఇద్దరిలో ఏ ఒక్కరడిగినా విచారణ తలుపులేసి జరపాల్సిందే, మొదటి వాయిదాలోనే అడగమని మీ లాయర్‌కి చెప్పు. అయితే పొద్దున టీవీలో అంతా చెప్పేసి మధ్యాహ్నం గుట్టుగా విచారించండి అంటే ఏం లాభం, చెప్పు.

ఒక దేశం నుంచి తీసుకొచ్చేసిన పిల్లల్ని తిరిగి పంపాలనే హేగ్ ఒప్పందంలో ఇండియా లేదు కదా, నన్నెవరూ ఏం చెయ్యలేరట పిన్నీ అన్నావు. అది సగం నిజం. 1980 నాటి ఆ ఒప్పందంలో మనం చేరలేదు, 2017లో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీల బెంచ్ కూడా విదేశీ కోర్టు ఆర్డరు చూడాల్సిన వాటిల్లో ఒకటి మాత్రమే, బిడ్డ మేలే ముఖ్యం అంది. కానీ అదే సుప్రీంకోర్టు 2019లో అమెరికాలో ఉన్న ఒక తెలుగు జంట కేసులో పిల్లల్ని తిరిగి అక్కడికే పంపమంది, ఆ తల్లి ముందు పెన్సిల్వేనియా కోర్టుకి తనే వెళ్ళి, అక్కడ ఆర్డర్లు ఉండగానే ఇక్కడికొచ్చి హైదరాబాద్ ఫ్యామిలీ కోర్టులో కేసేసింది. 2022లో కర్ణాటక హైకోర్టు నుంచి పైకెళ్ళిన ఇంకో కేసులోనూ బాబుని అమెరికా పంపమన్నారు, పిల్లాడి కోరిక వేరు, పిల్లాడి మేలు వేరు అని ఆ తీర్పులోనే ఉంది. అందుకే బుజ్జి చేత నాకు డాడీ వద్దు అనిపించి వీడియో తీద్దామని మీ తమ్ముడంటే ఒప్పుకోకు. నాలుగేళ్ళ పిల్ల అలా మాట్లాడితే ఎవరు నేర్పారు అన్నదే మొదటి ప్రశ్న. ఐదేళ్ళ లోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గరుండాలని 1956 నాటి హిందూ మైనర్ల సంరక్షణ చట్టం అంటుంది, కానీ మామూలుగా అంది గానీ ఎప్పుడూ అనలేదు.

న్యూజెర్సీ నుంచి వచ్చిన నోటీసు బీరువాలో పడేశావని అమ్మ చెప్పింది. తియ్యి దాన్ని. అక్కడ లాయర్ని పెట్టుకో, నువ్వు పలక్కపోతే నీ మాట వినకుండానే ఆర్డరిచ్చేస్తారు, దాన్నే ఎక్స్‌పార్టీ అంటారు, అది పట్టుకుని అతను ఇక్కడ నేరుగా హైకోర్టులో హేబియస్ కార్పస్, అంటే బిడ్డని కోర్టు ముందుకి తెమ్మనే పిటిషన్, వేస్తే నీకు ఊపిరి తీసుకునే టైం కూడా ఉండదు.

మందుల సంగతి దాచొద్దు. జబ్బుకి మందేసుకోవడం తప్పు కాదు, దాచి దొరికిపోతే అబద్ధాలకోరువవుతావు. నీకు ట్రీట్‌మెంట్ ఇస్తున్న డాక్టర్ దగ్గర ఇప్పుడెలా ఉన్నావు, బిడ్డని చూసుకోగలవా లేదా అన్నది రాయించుకుని అఫిడవిట్‌లో నువ్వే ముందు చెప్పేయ్. స్కూల్ అడ్మిషన్, టీకాల కార్డు, బుజ్జిని రోజూ ఎవరు దింపుతున్నారు, జ్వరమొస్తే ఎవరు తీసుకెళ్ళారు, ఇవన్నీ తారీఖులేసి నోట్‌బుక్‌లో రాసుకో.

ఇప్పుడు నీకు నచ్చని మాట. రోజూ అతనితో బుజ్జిని వీడియో కాల్ మాట్లాడించు. 2020లో ఒక తీర్పులో సుప్రీంకోర్టే చెప్పింది, బిడ్డ దగ్గర లేని తల్లికో తండ్రికో రోజూ ఐదు పది నిమిషాలైనా బిడ్డతో మాట్లాడే వీలుండాలని. అతను నిన్నేమన్నా సరే, కాల్ కట్ చెయ్యకు, పక్కన కూర్చుని బుజ్జికి మాటలందించకు. కోర్టు కోసమే కాదమ్మా, ఆ పిల్లకి నాన్న కావాలి, నీకెంత కోపమున్నా అది నిజం. రేపు పదిహేనేళ్ళొచ్చాక తన పేరు, మీ పేర్లు కొట్టి చూస్తే ఏం కనపడాలో అదొక్కటి ఆలోచించు, మీ బావ పోస్టు నువ్వు తీయించలేవేమో గానీ నీ జవాబు నీ చేతిలో ఉంది కదా. అదే గ్రూపుల్లో మనవాళ్ళు కూడా అతన్ని తిడుతున్నారు, వాళ్ళకి నువ్వే చెప్పు ఆపమని, నేనూ చెప్తా.

సోమవారం సిద్దయ్య రోడ్డులో మన బెంగళూరు ఫ్యామిలీ కోర్టు ఉన్న న్యాయ దేగుల గేటు దగ్గర పదింటికి ఉంటా. పాస్‌పోర్టులు, ఆ నోటీసు, డాక్టర్ కాగితాలు జిరాక్సులు తెచ్చుకో. బుజ్జిని కోర్టుకి తీసుకురావద్దు, వచ్చేటప్పుడు మల్లేశ్వరంలో మా ఇంట్లో వదిలిపెట్టు, మీ బాబాయ్ చూసుకుంటారు.

మీ పిన్ని