బ్లూస్ (అమెరికా నల్లజాతివారి జానపద సంగీతం) పండితుడు పాల్ ఆలివర్, ఇళ్ల గురించి రాసిన పాల్ ఆలివర్ ఒక్కరేనా?

ఒక్కరే. 1927లో నాటింగ్‌హామ్‌లో పుట్టి, 2017లో కన్నుమూసిన బ్రిటిష్ పండితుడు.

1960లో భార్య వాలెరీతో కలిసి అమెరికా వెళ్లి, బ్లూస్ గాయకుల మాటల్ని వాళ్ల ఊళ్లలోనే టేపు చేశారు. మిసిసిపీలోని క్లార్క్స్‌డేల్‌లో వేడ్ వాల్టన్ అనే మంగలి, కత్తిని తోలుపట్టీ మీద నూరుతూనే తాళం వేసేవాడు. అలాంటివాళ్లు ఆలివర్ కంటపడకుండా పోతారా!

1964లో ఘానాకు ఆర్కిటెక్చర్ పాఠాలు చెప్పడానికి వెళ్లారు. అక్కడ ఉత్తరాది పల్లెల్లో తీగ వాద్యాలు విని, బ్లూస్ మూలాలను తీరప్రాంతపు డోళ్లలో కాకుండా ఈ సవన్నా (గడ్డిమైదానాల) సంగీతంలో వెతకాలని వాదించారు. నా దృష్టిలో ఆయన రెండు ఆసక్తులూ బాగా కలిసింది ఇక్కడే.

ఆర్కిటెక్టు ప్రమేయం లేకుండా జనం తమకు తామే కట్టుకునే ఇళ్ల మీద, 1997లో మూడు సంపుటాల విజ్ఞాన సర్వస్వానికి సంపాదకత్వం వహించారు. పాటైనా, ఇల్లైనా ఆయన వెతికింది డిగ్రీల్లేని పనితనాన్నే.

అన్నట్టు, ఒక ఎల్పీ రికార్డు అట్ట మీద ఆయన రాసిన పరిచయంలో పింక్ ఆండర్సన్, ఫ్లాయిడ్ కౌన్సిల్ అనే గాయకుల పేర్లు చూసే బ్రిటిష్ రాక్ గాయకుడు సిడ్ బారెట్ తన బ్యాండుకు పింక్ ఫ్లాయిడ్ అని పెట్టాడంటారు.