కలెక్టర్ వోల్టేజి ఎందుకు పడిపోయింది?

ప్రశ్న: బీసీ547 ట్రాన్సిస్టర్‌తో యాంప్లిఫయర్ కట్టాను. 9 వోల్టుల బ్యాటరీ, బేస్‌కు పైన 47కె (కిలో ఓమ్‌ల) రెసిస్టర్, కింద 10కె, కలెక్టర్‌కు 4.7కె, ఎమిటర్‌కు 1కె. కలెక్టర్ దగ్గర 1.8, ఎమిటర్ దగ్గర 1.7 వోల్టులే వస్తున్నాయి. ట్రాన్సిస్టర్ పోయిందాండీ?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: పోయినట్టు లేదు. రెండింటి మధ్య 0.1 వోల్టే ఉందంటే అది సాచురేషన్‌లో, అంటే పూర్తిగా ఆన్ అయిపోయిన స్థితిలో ఉంది. బేస్ దగ్గర కొలవండి. 1.5కు బదులు 2.4 చూపిస్తే 10కె రెసిస్టర్ గ్రౌండ్‌కు అందడం లేదన్నమాట. కొన్ని బ్రెడ్‌బోర్డుల్లో (సోల్డరింగ్ లేకుండా సర్క్యూట్ కట్టే పలకల్లో) గ్రౌండ్ పట్టీ మధ్యలో తెగి ఉంటుంది, చూడ్డానికి మాత్రం ఒకటే గీత. చిన్న వైరు ముక్కతో కలపండి. ఎమిటర్ 0.9, కలెక్టర్ 4.6 దగ్గరికి రావాలి. సిగ్నల్ ఆ తర్వాతే: 1 కిలోహెర్ట్జ్, 5 మిల్లీవోల్టులు చాలు. ఎమిటర్ రెసిస్టర్‌కు సమాంతరంగా 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ లేకుంటే గెయిన్ (సిగ్నల్ ఎన్ని రెట్లు పెరుగుతుందో ఆ లెక్క) 4.7 లోపే, పెడితే వందకు పైనే.