పెన్షన్ మీద పన్ను ఎందుకు?
(లెక్కలన్నీ 2025-26 ఆర్థిక సంవత్సరానివి)

ప్రశ్న: ముప్పై మూడేళ్లు జీతం మీద పన్ను కట్టాను. ఇప్పుడు పెన్షన్ మీదా కట్టమంటున్నారు. దీన్ని ఎత్తేయమని మా సంఘం తరఫున ముఖ్యమంత్రికి అర్జీ పెడితే ఫలితం ఉంటుందా? – విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, కరీంనగర్

జవాబు: ఉండదండి. వ్యవసాయ ఆదాయం తప్ప మిగతా ఆదాయాల మీద పన్ను వేసేదీ, తీసేసేదీ కేంద్రమే. అర్జీ కేంద్ర ఆర్థిక శాఖకు వెళ్లాలి, మీ ఎంపీ చేతిలో ఒక ప్రతి పడాలి. అదీ బడ్జెట్ తయారయ్యే లోపే.

ఆ అర్జీలో ఏం రాస్తారన్నది ముఖ్యం. పెన్షన్ ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదు, చేసిన కొలువుకు ప్రతిఫలం అని 1982 డిసెంబర్ 17న, నకారా అనే విశ్రాంత ఉద్యోగి వేసిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సంఘాలన్నీ ఈ తీర్పునే ముందు పెడతాయి. కానీ పన్ను విషయంలో ఇది మనకు ఎదురు తిరుగుతుంది. ప్రతిఫలమైతే జీతం లాంటిదేగా అంటారు. ఆదాయపు పన్ను చట్టం పెన్షన్‌ను 'జీతం' నిర్వచనంలోనే చేర్చింది.

ఇంతకంటే గట్టి వాదన కమ్యుటేషన్‌లో, అంటే పెన్షన్‌లో కొంత భాగాన్ని వదులుకుని దాని విలువను ఒకేసారి తీసుకోవడంలో ఉంది. ప్రభుత్వ ఉద్యోగికి గ్రాట్యుటీ, జీపీఎఫ్ (భవిష్య నిధి), రిటైరైన రోజు వచ్చే సెలవుల డబ్బు, కమ్యుటేషన్ సొమ్ము... వీటిలో దేనికీ పన్ను లేదు. పెన్షన్‌లో 40 శాతం అమ్ముకుని ఒకేసారి తీసుకుంటే పైసా పన్ను పడదు. మిగిలిన 60 శాతం నెలనెలా తీసుకుంటే మాత్రం పడుతుంది. ఒకే పెన్షన్‌కు రెండు న్యాయాలు ఎలా కుదురుతాయి? పరమవీర చక్ర, మహావీర చక్ర, వీర చక్ర గ్రహీతల పెన్షన్‌కు చట్టం ఇప్పటికే పూర్తి మినహాయింపు ఇచ్చింది కాబట్టి దారి లేదనడానికీ వీల్లేదు. మీ డిమాండ్ న్యాయమైనదే. ఈ మాట మీదే పట్టుబట్టండి.

ప్రశ్న: నా పూర్తి పెన్షన్ నెలకు 50,000. అందులో 40 శాతం కమ్యూట్ చేశాను. ఫారం 16లో (ఏడాది పెన్షన్, పన్ను కోత చూపే ధ్రువపత్రం) మాత్రం 50,000 లెక్కనే చూపించారు. సరైనదేనా? – విశ్రాంత తహసీల్దార్, ఒంగోలు

జవాబు: కాదు. కమ్యూట్ చేసిన 20,000 ఇప్పుడు మీకు రావడం లేదు, దాని మీద పన్ను వేయకూడదు. పన్ను పడేది మిగిలిన 30,000 మీద, దానికి తోడు డీఆర్ (కరువు భృతి) మీద. డీఆర్‌ను పూర్తి 50,000 మీదే కడతారు కాబట్టి అది మొత్తంగా లెక్కలోకి వస్తుంది. మీ ఫారం 16లో ఏడాదికి 2,40,000 ఊరికే కలిసింది. పీపీవో (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు), నెలవారీ పెన్షన్ స్లిప్పులు తీసుకుని ట్రెజరీలో సవరణ అడగండి. పదిహేనేళ్లు నిండి కమ్యుటేషన్ భాగం తిరిగి మొదలైతే, ఆ నెల నుంచి దానికీ పన్ను వర్తిస్తుంది.

ఈ తేడా చిన్నది కాదు. ఆదాయపు పన్ను కొత్త విధానంలో ఏడాది పెన్షన్ నుంచి 75,000 స్టాండర్డ్ డిడక్షన్ (స్థిర తగ్గింపు) పోతుంది, మిగిలింది 12 లక్షల లోపుంటే పన్ను సున్నా. అంటే వేరే ఆదాయం లేనివారికి 12,75,000 దాకా భయం లేదు. పెన్షన్ ఏడాదికి 12,90,000 అనుకుందాం. డిడక్షన్ పోగా 12,15,000. శ్లాబుల ప్రకారం పన్ను 62,250 వస్తుంది. కానీ 12 లక్షలు దాటిన మొత్తాన్ని మించి పన్ను వేయకూడదన్న ఊరట ఉంది కాబట్టి 15,000, దాని మీద 4 శాతం సెస్ కలిపి 15,600 కడితే చాలు. చేత్తో లెక్క వేసేవాళ్లు ఈ ఊరటను తరచూ మరిచిపోతారు.

ప్రశ్న: మూడేళ్ల బకాయిలు ఒకేసారి పడటంతో పన్ను పెరిగింది. – నిజామాబాద్

జవాబు: బకాయి ఏ ఏడాదిదో ఆ ఏడాదికి పంచి లెక్కకట్టే వెసులుబాటు ఉంది. ఏ ఏడాది ఎంత రావాలి, ఎంత వచ్చింది అన్న పట్టిక ట్రెజరీ నుంచి తీసుకోండి. ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో ముందు ఫారం 10ఈ (ఈ ఊరట కోరే ఫారం) సమర్పించాలి, ఆ తర్వాతే రిటర్న్. వరస తప్పితే ఊరట తీసేసి నోటీసు పంపుతారు. పాత ఏడాదుల్లోనూ మీరు ఇదే శ్లాబులో ఉంటే మాత్రం పెద్దగా మిగలదు.

ప్రశ్న: నాన్నగారు పోయాక అమ్మకు ఫ్యామిలీ పెన్షన్ వస్తోంది. 75,000 తగ్గింపు వేస్తే పోర్టల్ తీసుకోవడం లేదు. – రాజమహేంద్రవరం

జవాబు: అమ్మగారు ఉద్యోగి కాదు కాబట్టి ఆమె పెన్షన్ జీతం కిందికి రాదు. 'ఇతర ఆదాయాలు' విభాగంలో ఫ్యామిలీ పెన్షన్ అని ఎంచుకోవాలి. తగ్గింపు అందులో మూడో వంతు లేదా 25,000, ఏది తక్కువైతే అది. పాత విధానంలో ఇది 15,000 మాత్రమే. భర్త ఉంటే 75,000, ఆయన పోయాక భార్యకు 25,000! పన్ను ఎత్తివేత ఎక్కడో ఒకచోట మొదలవ్వాలంటే మా దృష్టిలో ఇక్కడే మొదలవ్వాలి. ఇంకొకటి: పన్ను సున్నా అయినా, మొత్తం ఆదాయం 4 లక్షలు దాటితే అమ్మగారి పేరు మీద రిటర్న్ వేయాల్సిందే.