స్నీకర్ల మీద వేసిన రంగు వేళ్ల దగ్గర పగిలిపోతుంటే

తెల్ల లెదర్ స్నీకర్ల మీద కాన్వాస్ అక్రిలిక్‌తో (కాన్వాస్ బొమ్మలకు వాడే రంగు) గ్రాఫిటీ వేస్తే, రెండు వారాలకే వేళ్ల దగ్గర పెచ్చులూడుతోందని రాశారు. లోపం మీ బొమ్మలో లేదు, దాని అడుగున ఉంది. కొత్త లెదర్‌కి ఫ్యాక్టరీ పూత ఉంటుంది; రంగు ఆ పూతకు అంటుకుంటుందే తప్ప తోలును పట్టుకోదు. పైగా కాన్వాస్ అక్రిలిక్ ఎండాక బిరుసెక్కి, పాదం వంగిన ప్రతిచోటా విరుగుతుంది.

పగుళ్ల మీద మళ్లీ వేయకండి. మొత్తం తీసేయాల్సిందే. సోల్ అంచుకు మాస్కింగ్ టేప్ అంటించి, కిటికీలు తెరిచి, గ్లవ్స్ వేసుకుని, అసిటోన్‌తో తడిపిన దూదితో పాత రంగు, ఫ్యాక్టరీ పూత మెరుపు పూర్తిగా పోయేదాకా తుడవండి. సోల్ అతికిన చోట అసిటోన్ తగలనివ్వొద్దు, జిగురు వదులవుతుంది.

తర్వాత ఏంజెలస్ లాంటి లెదర్ అక్రిలిక్ వాడండి. షూలో కాగితాలు గట్టిగా కుక్కితే ముడతలు విచ్చుకుంటాయి. అప్పుడు పలచటి పూతలు 4 లేదా 5, మధ్యలో 15–20 నిమిషాల విరామం. తొందరపడి మందంగా వేస్తే పైన ఎండి లోపల పచ్చిగా ఉండిపోతుంది, మళ్లీ అక్కడే పగులుతుంది. నలుపు మీద పసుపు రావాల్సిన చోట ముందు తెలుపు వేయండి, లేదంటే పసుపు కాస్తా మురికి ఆకుపచ్చగా కనిపిస్తుంది.

చివర మ్యాట్ ఫినిషర్ (రంగును కాపాడే, మెరుపులేని పైపూత) 2 పూతలు వేసి, 24 గంటలు ఆరాకే తొడుక్కోండి. మెష్ (జాలీ బట్ట) భాగానికైతే రంగులో ఫ్యాబ్రిక్ మీడియం (బట్ట మీద రంగును మెత్తగా ఉంచే ద్రవం) కలపాలి, లేకపోతే అట్ట కడుతుంది.