ఫిన్‌టెక్ రంగమా, మామూలు బీకామా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. రైస్ మిల్లులో గుమాస్తాగా పనిచేస్తాను. అమ్మాయి ఇంటర్ ఎంఈసీ మంచి మార్కులతో పాసైంది. తను బీకాం చేస్తూ సీఎంఏ (కాస్ట్ అండ్ మేనేజ్‌మెంట్ అకౌంటెన్సీ) చదువుతానంటోంది. నాలాగా తనూ జీవితమంతా లెక్కల పుస్తకాలు రాయడం నాకిష్టం లేదు. రానున్న రోజులన్నీ ఫిన్‌టెక్ (టెక్నాలజీతో ఆర్థిక సేవలు అందించే) రంగానివే అంటున్నారు. హైదరాబాద్‌లో బీబీఏ ఫిన్‌టెక్‌కు మూడేళ్లకు నాలుగు లక్షలు అవుతుంది, అప్పు చేయాలి. ఏ రంగంలో భవిష్యత్తు ఉంటుంది?

జవాబు: ఏటా ఈ రోజుల్లో ఇదే ప్రశ్న వస్తుంది, రంగం పేరొక్కటే మారుతుంది. ఒకప్పుడు టెలికాం, తర్వాత రిటైల్, ఇప్పుడు ఫిన్‌టెక్. మీ భయం రంగం గురించి కాదండీ. మీరు పడ్డ కష్టం బిడ్డ పడకూడదన్నదే మీ భయం. అది న్యాయమైనదే. కానీ దానికి మందు రంగం పేరులో దొరకదు.

రంగం అనేది కంపెనీకి అంటించే చీటీ. మన దేశంలో ఆ చీటీలకు చాలాకాలంగా ఆధారం 2008 జాతీయ పారిశ్రామిక వర్గీకరణ, ఎన్ఐసీ అంటారు. మీ మిల్లునే చూడండి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న, మధ్యతరహా సంస్థల నమోదు) కాగితంలో 10612 అని ఉండాలి. 10 అంటే ఆహార పదార్థాల తయారీ, 106 ధాన్యం మర పట్టడం, 10612 బియ్యం మిల్లు. అంటే మీరు పనిచేసేది తయారీ రంగంలో. అదే పత్తి జిన్నింగ్ మిల్లు అయితే 01632, వ్యవసాయ రంగం! రెండు చోట్లా మోటార్లు, హమాలీలు, తూకం కాటా ఉంటాయి. మీలాంటి గుమాస్తాలూ ఉంటారు. అక్కడి గుమాస్తాను రైతు అనలేం కదా.

ఒక సంస్థ రెండు మూడు పనులు చేస్తే, అదనపు విలువ (అమ్మకాల్లోంచి కొన్న సరుకుల, సేవల ఖర్చు తీసేస్తే మిగిలేది) దేని వల్ల ఎక్కువగా వస్తుందో ఆ పని కిందే సంస్థ మొత్తాన్ని లెక్కిస్తారు. చక్కెర ఫ్యాక్టరీ కరెంటు అమ్మినా, అదనపు విలువలో చక్కెరదే పెద్ద వాటా అయితే తయారీ రంగంలోనే ఉంటుంది. అక్కడి టర్బైన్ ఇంజినీరు మాత్రం రోజూ చేసేది విద్యుత్తు పనే.

ఇక ఫిన్‌టెక్. ఆ పేరుతో 2008 ఎన్ఐసీలో విభాగమే లేదు. యాప్ రాసిచ్చే కంపెనీ 62లోకి, అప్పులిచ్చేది 64లోకి, ఆర్థిక సేవలకు అనుబంధ పనులు చేసేది 66లోకి వెళ్తాయి. షేర్ మార్కెట్ల చీటీలు మళ్లీ వేరు. ప్రపంచమంతా వాడే జీఐసీఎస్ వర్గీకరణలో వీసా, మాస్టర్‌కార్డ్ 2023 మార్చి దాకా ఐటీ రంగంలో ఉండేవి, ఆ నెలలో ఆర్థిక రంగానికి మారాయి. అక్కడ పనిచేసేవాళ్ల కుర్చీ మారలేదు, జీతమూ మారలేదు.

కంపెనీ సీఐఎన్ (ప్రభుత్వం ఇచ్చే కంపెనీ గుర్తింపు) నంబరు చూసి రంగం కనుక్కోమని కొందరు చెబుతుంటారు. మొదటి అక్షరం షేర్ మార్కెట్‌లో నమోదైన (లిస్టెడ్) కంపెనీయా కాదా అన్నది, తర్వాతి ఐదు అంకెలు పరిశ్రమ కోడ్, ఆపైన రాష్ట్రం, సంవత్సరం. ఇన్ఫోసిస్ నంబరులో ఆ ఐదంకెలు 85110. 2008 పట్టికలో 85 అంటే విద్య. టీసీఎస్‌కు 22210, అదే పట్టికలో 22 అంటే రబ్బరు, ప్లాస్టిక్ వస్తువుల తయారీ. వర్గీకరణ పట్టికలు మారుతూ వచ్చాయి, నంబర్లు మాత్రం పాతవే. కాబట్టి ఆ అంకెలు చూసి పిల్ల చదువు తేల్చకండి.

మనిషి చేసే పనికి వేరే పట్టిక ఉంది: 2015 జాతీయ వృత్తుల వర్గీకరణ, ఎన్‌సీఓ. ఆసుపత్రి అకౌంటెంటూ సిమెంటు ఫ్యాక్టరీ అకౌంటెంటూ ఎన్ఐసీలో వేర్వేరు రంగాలు, ఎన్‌సీఓలో ఒకే వృత్తి. ఒక రంగం కుదేలైతే ఇంకో రంగంలోకి నడిచి వెళ్లగలిగేది ఆ వృత్తి చేతిలో ఉన్నవాళ్లే. మీ అమ్మాయి అడుగుతున్నది అదే.

ఫిన్‌టెక్ డిగ్రీ మీద నాకు గట్టి అనుమానాలున్నాయి. బ్యాంకు ఖాతా నుంచి చేసే యూపీఐ చెల్లింపులపై 2020 జనవరి నుంచి వ్యాపారి దగ్గర రుసుము వసూలు చేయడం లేదు. అందుకే చెల్లింపుల యాప్‌లు అప్పులు, బీమా అమ్మి బతకాలని చూస్తాయి. అలాంటి చోట డిగ్రీ పిల్లలకు ఎక్కువగా దొరికేవి అమ్మకాలు, కేవైసీ (ఖాతాదారు గుర్తింపు పత్రాల తనిఖీ), వసూళ్ల పనులు. కోడ్ రాయడానికి బీటెక్ వాళ్లను, లెక్కలకు సీఏ, సీఎంఏ వాళ్లను తీసుకుంటారు. బ్లాక్‌చెయిన్ ఒక పేపరు, డిజిటల్ పేమెంట్స్ ఒక పేపరు, అకౌంట్స్ రెండు సెమిస్టర్లు చదివిన పిల్ల ఆ రెండు గుంపుల్లో దేనిలోనూ ఇమడదు.

పైగా లైసెన్సు మీద బతికే వ్యాపారమిది. 2024 మార్చి 15 తర్వాత ఖాతాల్లో డిపాజిట్లు తీసుకోవద్దని పేటీఎం పేమెంట్స్ బ్యాంకును ఆర్‌బీఐ ఆదేశించింది. అలాంటి రోజున ఏ కంపెనీకైనా మొదట కావాల్సింది నిబంధనలూ లెక్కలూ తెలిసిన మనిషే.

అయినా ఆ కాలేజీ చూడాలనుకుంటే వెళ్లండి, బ్రోచర్ పక్కన పెట్టి మూడు సంగతులు తేల్చుకోండి. ఆరు సెమిస్టర్ల సిలబస్ తీసుకుని అకౌంటింగ్, స్టాటిస్టిక్స్, డేటాబేస్ పేపర్లు ఎన్నో లెక్కపెట్టండి. పోయిన బ్యాచ్ ఆఫర్ లెటర్లలో హోదా ఏమని ఉందో, జీతంలో ప్రోత్సాహకం ఎంతో, స్థిరమైనది ఎంతో చూడండి. మూడోది, ఆ లెటర్ ఇచ్చింది ఎవరు? మనుషుల్ని సరఫరా చేసే ఏజెన్సీ అయితే ఎన్ఐసీలో దాని విభాగం 78. పెద్ద కంపెనీ భవనంలో కూర్చున్నా పీఎఫ్ పాస్‌బుక్‌లో ఏజెన్సీ పేరే ఉంటుంది. చూపించం అంటే అక్కడినుంచి లేచి రండి.

ఇక మీకు ఒక మాట, కొంచెం కటువుగానే చెబుతాను. మీ పనిని మీరే చిన్నబుచ్చుకుని ఆ బరువు బిడ్డ మీద పెడుతున్నారు. కస్టమ్ మిల్లింగ్‌లో (ప్రభుత్వం వడ్లు మర పట్టిచ్చే పనిలో) క్వింటా వడ్లకు ప్రభుత్వానికి 67 కిలోల పచ్చి బియ్యం, ఉప్పుడైతే 68 కిలోలు అప్పగించాలి. తవుడు, ఊక ధర పడిపోతే మిల్లు మిగులు ఏమవుతుందో మీకు నోటి లెక్క. సీఎంఏలో కాస్ట్ అకౌంటింగ్ అంటే ఇలాంటి లెక్కే, పద్ధతిగా నేర్పుతారు. మీ ఇంట్లో ఉన్న విద్యను నాలుగు లక్షల అప్పు చేసి దూరం చేయడం దేనికి? ఆ పిల్ల దారి తప్పలేదు, తొందరపడుతున్నది మీరు. బీకాం చేస్తూ ఎక్సెల్, ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ల నుంచి సమాచారం తీసే భాష) నేర్చుకుంటే రేపు ఫిన్‌టెక్ కంపెనీ తలుపులు కూడా తనకు మూసుకుపోవు.

కాలేజీలు తెరిచేలోగా యజమానిని అడిగి పోయిన సీజన్ లెక్కలు ఇంటికి తీసుకెళ్లండి. క్వింటాకు కరెంటు, హమాలీ, గోనె సంచులు, బాయిలర్‌కు వాడిన ఊక అన్నీ కలిపి మర ఖర్చు ఎంతయిందో తనను తేల్చమనండి. లెక్క ఎక్కడైనా ఆగితే పక్కన కూర్చుని మీరే చెప్పండి.