అమెరికా కాలేజ్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కాలంటే కోచ్ జాతీయ టైటిల్ గెలిచి ఉండాలా?

అక్కర్లేదు, చూసేది ట్రోఫీని కాదు, కెరీర్ మొత్తంలో గెలుపు శాతాన్ని. హెడ్ కోచ్‌గా కనీసం 10 ఏళ్లు, 100 మ్యాచ్‌లు పూర్తి చేసి, వాటిలో 60 శాతం గెలిచి ఉండాలన్నది చాలాకాలం నడిచిన నిబంధన. టైటిల్ ఏటా ఒక్క జట్టుకే వస్తుంది. పెద్ద బడ్జెట్, పేరున్న ఆటగాళ్లు లేని కాలేజీని ఏళ్ల తరబడి నిలబెట్టిన కోచ్ పనితనం అందులో కనిపించదు.

అయితే ఈ లెక్క కఠినంగానే ఉండేది. ఎయిర్ రెయిడ్ అనే, బంతిని ఎక్కువగా చేత్తో విసిరి ఆడే పద్ధతితో ఆటనే మార్చేసిన మైక్ లీచ్ టెక్సస్ టెక్, వాషింగ్టన్ స్టేట్, మిసిసిపీ స్టేట్ యూనివర్సిటీల జట్లతో కలిపి 158 గెలిచి, 107 ఓడారు. అంటే 59.6 శాతం. ఒక్క ఓటమి గెలుపై ఉంటే సరిగ్గా 60 అయ్యేది! 2022లో ఆయన చనిపోవడంతో సరిదిద్దుకునే అవకాశమూ పోయింది. చివరికి 2025లో ఈ హాల్ ఆఫ్ ఫేమ్‌ను చూసుకునే నేషనల్ ఫుట్‌బాల్ ఫౌండేషన్ ఈ హద్దును 59.5కి తగ్గించింది, 2027 నుంచి అమలు. నా దృష్టిలో ఇది న్యాయమైన మార్పు.

టైటిల్ లేకపోతే పేరే పరిశీలించరని చాలామంది అనుకుంటారు. వర్జీనియా టెక్ కోచ్ ఫ్రాంక్ బీమర్ ఒక్క జాతీయ టైటిల్ కూడా గెలవలేదు. 2018లో ఆయనకు చోటు దక్కింది. ఇక శాతం దాటితే అర్హత మాత్రమే వస్తుంది, ఎంపిక వేరుగా జరగాలి.