మే నెలలో టేకు మాను సన్నబడింది, నీళ్లు పెంచాలా?

ప్రశ్న క్లుప్తంగా: మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లా రాజురా దగ్గర రేగడిలో నాలుగేళ్ల టేకు, 2×2 మీటర్ల ఎడం, డ్రిప్పు ఉంది. మార్చిలో కొలిచిన చుట్టుకొలత మేలో 2 మిల్లీమీటర్లు తగ్గింది.

చెట్టుకేం కాలేదు. బెరడులోనూ దాని కింది లేత పొరల్లోనూ నిలవ ఉన్న నీళ్లు ఎండకు ఇంకిపోతే మాను బిగుసుకుంటుంది, వానలు పడగానే మళ్లీ ఉబ్బుతుంది. ఆ ఉబ్బును ఎదుగుదల అనుకోకండి. ఒక్క రోజులోనే తెల్లవారుజామున లావుగా, మధ్యాహ్నం సన్నగా ఉంటుంది. అందుకే పొద్దు పొడవకముందే, నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో పెయింటు గీత పెట్టి, ఆ గీత మీదే స్టీలు టేపుతో కొలవండి. బట్ట టేపు సాగుతుంది. ఊడిపోయే బెరడు పెళ్లలను చేత్తో దులిపేయండి, కత్తి పెట్టొద్దు. నవంబరు కొలతను నవంబరుతోనే పోల్చాలి. చుట్టుకొలత 31.4 సెంటీమీటర్లుంటే వ్యాసం 10.

బెరడుకూ కట్టెకూ మధ్య ఉన్న పల్చటి పొరలో పుట్టిన కణం నీటి ఒత్తిడితోనే సాగి పెద్దదవుతుంది. కాబట్టి కరువు ఆకుకంటే ముందు మానుకే తగులుతుంది. ఆకు పచ్చగానే కనిపిస్తుంది, టేపు మాత్రం కదలదు. ఎండాకాలం ఆకు రాల్చిన చెట్టుకు బోరు నీళ్లు పోసినా మాను పెద్దగా లావెక్కదు. పైగా ముందే చిగురేస్తుంది. బోరు మధ్యలో ఎండితే ఆ చిగురు మాడి, చెట్టు దాచుకున్న బలం వృథా అవుతుంది. వేసవి తడులు రెండేళ్లలోపు మొక్కలకే, అవి బతకడానికే. మీ తోటలో నీళ్లకన్నా ముందు గుంటక తోలి నెర్రెలు పూడ్చండి. అవి సన్న వేర్లను తెంపుతాయి, లోపలి తడినీ లాగేస్తాయి.

మీ నీళ్లకు ఫలితం దక్కేది రెండు అదనుల్లో: జూలై, ఆగస్టుల్లో పది పన్నెండు రోజులు వాన తెగినప్పుడు, వానలు వెళ్లాక ఆకు పచ్చగా ఉన్నన్నాళ్లు, అంటే నవంబరు చివరిదాకా. ఆ తర్వాత ఆపేయండి, టేకుకు ఎండు విరామం కావాలి. గంటకు 4 లీటర్ల డ్రిప్పర్లు రెండు, మానుకు రెండడుగుల దూరంలో, 3 గంటలు నడిపితే 24 లీటర్లు. రేగడిలో ఎనిమిది పది రోజులకోసారి చాలు. గడ్చిరోలి జిల్లా సిరొంచ వైపు గోదావరి ఒడ్డు ఇసుక నేలల్లోనైతే అందులో సగం, మూడు నాలుగు రోజులకోసారి. తడి పెట్టేముందు గడ్డపారతో అడుగు లోతు తవ్వి మట్టి పిసకండి. ఉండై వేలికి జిగురుగా అంటితే ఇంకా ఆగాలి, ఉండ పొడిపొడిగా విడిపోతే నీళ్లివ్వాలి. రేగడిలో నీళ్లు నిలిస్తే వేర్లకు గాలాడక ఆకు పసుపెక్కుతుంది. దాన్ని కరువనుకుని ఇంకా నీళ్లు పెట్టడం ఎక్కువగా జరిగే నష్టం.

వానాకాలం మధ్యలో ఎండగట్టి ఒక్కసారిగా తడిపితే నరికిన మాను అడ్డకోతలో ఒకే ఏడాదికి రెండు వలయాలు కనిపించవచ్చు. వాటితో వయసు లెక్కగట్టొద్దు. నీళ్లతో తొందరగా లావెక్కిన లేత చెట్టులో తెల్లకట్టె (బయటి లేత కట్టె) వాటా ఎక్కువ, చేవ (లోపలి గట్టి కట్టె) తక్కువ. లావు చూసి ధర ఊహించుకోకండి.

నీళ్లు సరిగ్గా ఇచ్చినా వచ్చే నవంబరుకు లావు పెరగకపోతే చాలావరకు కారణం చెట్ల మధ్య ఎడం తక్కువ కావడమే. ఎకరాకు సుమారు 1,000 చెట్లున్నాయి, ఒక్క తడికే 24,000 లీటర్లు. అయిదో ఏట మూలవాటంగా వరస విడిచి వరస తీసేయండి. మిగిలిన 500 చెట్లకు అదే బోరు రెట్టింపు ఇస్తుంది, పైన కొమ్మలకు వెలుతురూ దొరుకుతుంది.